యూరియా లైను విడిపించిన రేవుపట్నం

ప్రపంచ యుద్ధాల చరిత్రలో ఒక్క గుండు పేలకుండా, ఒక్క చుక్క నెత్తురు చిందకుండా, అన్నాల వేళకల్లా ఒక ఓడరేవు పట్నాన్ని శత్రువు చెర నుంచి విడిపించిన ఘనత మా ఊరికి దక్కింది. చరిత్ర పుస్తకాల్లో ఈ ముక్క కనపడదంటే అది పుస్తకాలు రాసేవాళ్ల లోపమే గాని మా లోపం కాదు. మా ఊరు మాచర్లకీ దుర్గికీ మధ్య ఉంటుంది. సముద్రం ఏ దిక్కున ఉందని అడిగితే నలుగురు నాలుగు వైపులు చూపిస్తారు. (అయిదో మనిషి సాగర్ డ్యామ్ చూపిస్తాడు.) అయినా విడిపించాం. మేం అంటే నిజానికి మణెమ్మ. ట్యాంకుల దళానికి అధిపతి ఆవిడే.

అధిపతి కావాలని మణెమ్మ ఎన్నడూ కోరుకోలేదు. ఆవిడ కోరింది రెండు కట్టల యూరియా, అంటే రెండు బస్తాలు. సాగర్ కుడి కాలువ కింద ఎకరన్నర కౌలుకు తీసుకుని వరి వేసింది. నీళ్లు వచ్చాయి, నాట్లు పడ్డాయి, పైరు పిలకలు పెట్టే వేళకి యూరియా మాత్రం రాలేదు. పైరు పసుపు తిరిగింది. పది రోజుల్లోపు రెండు కట్టలు పడితే పిలకలు లేస్తాయి, లేకపోతే గడ్డి కోసుకోవాలి. గడ్డికి కౌలు కట్టిన వాళ్లు మా తాలూకాలో ఎవరూ బాగుపడలేదు. అందుకే ఆవిడ కోడి కూయకముందే వచ్చి సొసైటీ గోడౌను ముందు లైన్లో మూడో స్థానం సంపాదించింది. ఇంకా స్పష్టంగా చెప్పాలంటే ఆవిడ చెప్పు సంపాదించింది.

పై ఊళ్లవాళ్లకి ఈ సంగతి విడమరచి చెప్పాలి. మా లైన్లో మనుషులు నిలబడరు. చెప్పులు నిలబడతాయి. మనిషికి ఎండ తగులుతుంది, ఆకలి వేస్తుంది, పక్కవాడితో తగువు వస్తుంది. చెప్పుకు ఈ బలహీనతలు లేవు. కాబట్టి చెప్పును వరసలో వదిలి మనిషి వేపచెట్టు నీడకు పోతాడు. సొసైటీ సెక్రటరీ శ్రీమన్నారాయణ గారు ఈ ఏర్పాటుకి తగిన చట్టం కూడా చేశారు. ఒక చెప్పు ఒక మనిషితో సమానం. జత పెడితే దురాశ కింద రెండూ చెల్లవు. హవాయి చెప్పు అయితే మీద రాయి పెట్టాలి. గాలికి ఎగిరితే దాంతోపాటు సీనియారిటీ కూడా ఎగిరినట్టే. కుక్క ఎత్తుకుపోతే అది దైవాధీనం, అప్పీలు లేదు. ఇక లైన్లో ఉన్న పరాయివాడి చెప్పును ముట్టుకోవడమంటే, పరాయివాడి గట్టు జరపడం కన్నా పెద్ద నేరం. గట్టు జరిపితే కోర్టుకు పోతారు. చెప్పు జరిపితే కోర్టుదాకా ఆగరు.

మణెమ్మ చెప్పు వెనకాలే ఇమాం సాహెబ్ చెప్పు ఉంది. ఇమాం సాహెబ్ ట్రాక్టర్ల మెకానిక్కు. రెండెకరాలు కౌలుకు చేస్తాడు. ఆయన చెప్పుకి రాయి అవసరం లేదు, గ్రీజు బరువే చాలు.

ఇలా వారం నడిచింది. గోడౌన్లో సరుకు ఉంది. శ్రీమన్నారాయణ గారే ఆ మాట రోజూ చెప్పేవారు. "సరుకుందమ్మా. పైనుంచి రిలీజ్ ఆర్డరు రావాలి, అంతే." పై అంటే ఎంత పైన అని ఎవరూ అడగలేదు, మెడ నొప్పి పుడుతుందని. కుర్రకారు ఫోనుల్లో ఫిర్యాదులు పెట్టారు. పెట్టిన ప్రతి ఫిర్యాదుకూ సాయంత్రానికల్లా జవాబు వచ్చింది: మీ సమస్య పరిష్కరించబడినది, సంతృప్తి చెందితే ఒకటి నొక్కండి, చెందకపోతే మళ్లీ ఒకటి నొక్కండి.

అయితే ప్రభుత్వం ఊరుకుందనుకుంటే పొరపాటు. ఇలాంటి ఫిర్యాదులన్నీ పోగేసి అధ్యయనం చేయడానికి నిరీక్షణ సామర్థ్య వికాస సంస్థ అని ఒకటి పెట్టింది. ఆ సంస్థ చల్లటి గదుల్లో కూర్చుని, వేడి వేడి టీలు తాగి, చివరికి ఒక నిర్ణయానికి వచ్చింది. రాష్ట్రంలో కొరత ఉన్నది యూరియాకు కాదు. కొరతను అర్థం చేసుకునే శక్తికి. రైతు లైన్లో నిలబడడం వల్ల బాధ పడడం లేదు, ఎందుకు నిలబడ్డాడో తెలియక బాధ పడుతున్నాడు. తెలియజేస్తే హాయిగా నిలబడతాడు.

తెలియజేయడానికి ఒకనాటి పొద్దున్నే జాయింట్ డైరెక్టరు (నిరీక్షణ) అరుణ్ కుమార్ గారు కారులో దిగారు. వెనకాలే ఒక లారీ వచ్చింది. లారీని చూడగానే నీడన ఉన్న జనమంతా లేచి వచ్చి ఎవరి చెప్పులో వాళ్లు కాళ్లు పెట్టి నిలబడ్డారు. మణెమ్మ గోతాలు కూడా చంకన పెట్టుకుంది. లారీ తలుపు తీస్తే లోపల ఒక పెద్ద అట్టపెట్టె, రెండు స్పీకర్లు, ఒక ఫ్లెక్సీ ఉన్నాయి.

"యూరియా ఏది సారూ?" అంది మణెమ్మ.

"యూరియా రవాణా పద్దులోనే తెచ్చామమ్మా దీన్ని," అన్నారు అరుణ్ కుమార్ గారు, ఊరడింపుగా.

పెట్టెలో ఉన్నది యుద్ధం. విదేశం నుంచి తెప్పించిన ఆట. గోడౌను ముందు కల్లంలో మిరపకాయలు ఆరబోసే పట్టా పరిచి, దానిమీద పటం పరిచారు. పటం నిండా తేనెపట్టులాగా గడులు. ఒక చివర సముద్రం, సముద్రం ఒడ్డున ఒక ఓడరేవు. దాని పేరు పలకడానికి పళ్లు అన్నీ ఉండాలి కాబట్టి మనం రేవుపట్నం అనుకుందాం. దాని చుట్టూ కందకాలు, ఫిరంగులు, మందుపాతరలు. ముందు పెద్ద రోడ్డు, రోడ్డు మీద వంతెన. ఈ చివర పొలాలు. పొలాల్లో ట్యాంకులు.

ఆట నడిపించే అమ్మాయి హేమశ్రీ. చేతిలో ల్యాప్‌టాపు, మెళ్లో కార్డు, ముఖంలో ఇంకా ఈ ఉద్యోగం మీద నమ్మకం పోని కళ. అందరినీ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. "ఇది పాత కాలపు యుద్ధం అండీ. శత్రువు పోర్టును పట్టుకుని కూర్చున్నాడు. బయట సముద్రంలో ఓడలు ఆగిపోయాయి. లోపల జనానికి సరుకు లేదు. మీరు ట్యాంకులతో ఇటునుంచి వెళ్లి పోర్టును లిబరేట్ చేయాలి. అప్పుడే ఓడలు లోపలికి వస్తాయి. అప్పుడు మీకు సప్లై చెయిన్ అంటే ఏంటో, ఎందుకు లేట్ అవుతుందో అర్థమవుతుంది."

మణెమ్మ చేయెత్తింది. "ఆ ఓడల్లో ఏముందమ్మా?"

"ఫ్యూయల్, ఫుడ్, మెడిసిన్స్."

"యూరియా లేదా?"

హేమశ్రీ పుస్తకం తిరగేసింది. "రాయలేదండీ."

"లేదని రాశారా?"

"లేదని కూడా రాయలేదు."

"అయితే ఉంటది," అంది మణెమ్మ. అప్పటిదాకా గోళ్లు గిల్లుకుంటున్న జనం పటం దగ్గరికి జరిగారు.

ఇక శత్రువు ఎవరు అన్న ప్రశ్న వచ్చింది. లైను మొత్తం ఎవరూ చెప్పకుండానే ఒక్కసారిగా అరుణ్ కుమార్ గారి వైపు తిరిగింది. ఆయన దీన్ని గౌరవంగా స్వీకరించి రేవుపట్నం పక్కన కుర్చీ వేయించుకున్నారు. స్థానిక పరిస్థితులు తెలిసినవాడు పక్కన ఉండాలని శ్రీమన్నారాయణ గారిని సలహాదారుగా పెట్టుకున్నారు. ముందుకు సాగే పక్షానికి నాయకుడు కావాలంటే ఎవరూ లేవలేదు. ఆటలో మునిగితే లైను పోతుందని భయం. అప్పుడు అరుణ్ కుమార్ గారు తురుపు ముక్క వేశారు. "గెలిచిన కమాండరుకు మొదటి టోకెన్. ఇవాళే. రిలీజ్ ఆర్డరు నా జేబులోనే ఉంది."

మూడో స్థానం నుంచి మొదటి స్థానం. మణెమ్మ లేచింది. "ఒరే సాయిబూ, నువ్వు కూడా రా. మోటార్లు నువ్వు చూసుకో, మడుసుల్ని నేను చూసుకుంటా."

"నాకు టోకెన్ ఇస్తారా అక్కా?"

"నా తర్వాత చెప్పు నీదేగా? నే గెలిస్తే నువ్వు రెండోవోడివి. నీ ముందున్న ఇద్దరూ ఏమైపోయారని అడగమాక."

యుద్ధం మొదలైంది. అయితే మొదలవగానే ఆగింది. ఆటలో ప్రతి ఎత్తుకూ ముందు కమాండరు వేలిముద్ర వేయాలని సంస్థ నిబంధన. (ట్యాంకులు పక్కదారి పట్టకుండా.) సొసైటీలో ఎరువులకి ముద్ర వేయించుకునే మిషనే తెచ్చి పెట్టారు. మణెమ్మ బొటనవేలు పెట్టింది. పడలేదు. చూపుడువేలు పెట్టింది. పడలేదు. నలభై ఏళ్ల నుంచి నారు పీకిన వేళ్లు, వాటి గీతలు ఏ మడిలో కలిసిపోయాయో ఎవరికి తెలుసు. ఇమాం సాహెబ్ వేలు పెడితే మిషను గ్రీజు తాగి గుర్రుమంది. చివరికి మణెమ్మ ఉంగరపు వేలు తల నూనెకు రుద్దుకుని పెడితే పచ్చలైటు వెలిగింది. తరవాత సర్వరు పోయింది. సర్వరు లేనప్పుడు ఇరుపక్షాలూ కాల్పులు విరమించాలని కూడా నిబంధన ఉంది. ప్రపంచానికి శాంతి కావాలనుకునేవాళ్లు ఈ నిబంధనను గమనించాలి.

సర్వరు వచ్చాక ట్యాంకులు లెక్క చూసుకుంటే చాలా తక్కువ. పెద్ద దళానికి ఇండెంటు పెడితే ఆరు వచ్చాయి. మిగతావి దారిలో ఉన్నాయి.

"ఆరు పెట్టుకుని పట్నాన్ని ఏం పట్టుకుంటామమ్మాయ్? కోళ్లను పట్టుకోవడానికి కూడా చాలవు," అంది మణెమ్మ.

హేమశ్రీ పుస్తకంలో వెతికి ఒక వెసులుబాటు పట్టుకుంది. కొరత ఏర్పడినచోట స్థానికంగా దొరికే ప్రత్యామ్నాయ వస్తువుల్ని దళంగా లెక్కించవచ్చు. మణెమ్మ తల తిప్పి చూసింది. స్థానికంగా దొరికే వస్తువులు గోడౌను గుమ్మం నుంచి రోడ్డుదాకా వరసగా, నిశ్శబ్దంగా, క్రమశిక్షణతో బారులు తీరి ఉన్నాయి.

"సాయిబూ. లైను పట్రా."

"ఎవురిది అక్కా?"

"లైనంతా."

ఇమాం సాహెబ్ రెండడుగులు వెనక్కి వేశాడు. "అక్కా, పరాయోళ్ల చెప్పు తీస్తే నా ఈపు పగలగొడతారు."

"ఎవురి చెప్పు వాళ్లనే తెమ్మనవయ్యా. దేశం కోసం."

ఏ దేశం కోసమో ఎవరూ అడగలేదు. మా వాళ్లలో దేశభక్తి అంత గట్టిది. అందరూ లేచి ఎవరి చెప్పు వాళ్లు తెచ్చారు. అయితే పటం దగ్గరకొచ్చాక పెద్ద గొడవ. "లైన్లో నా చెప్పు ముందుంది, యుద్ధంలోనూ ముందే ఉండాల!" అని ఒకడు. "ఏందిరా నీ ముందు? నిన్న నా చెప్పు జరిపి పెట్టావు గదరా!" అని ఇంకొకడు.

"యుద్ధంలో ముందున్నోడు ముందు చస్తాడు," అంది మణెమ్మ.

"అయితే నాది ఎనక పెట్టక్కా."

హేమశ్రీ చెప్పుల్ని పుస్తకం ప్రకారం వర్గీకరించింది. హవాయి తేలికపాటి కవచం. తోలుది మధ్యరకం. లారీ టైరు కోసి కుట్టిన చెప్పు భారీ కవచం. దానికి మామూలు ఫిరంగి చాలదు. స్పీకర్లు పెట్టింది. ట్యాంకుల ఇంజన్లు గర్జించాయి, గొలుసులు కరకరలాడాయి, దూరంగా ఫిరంగులు ఉరిమాయి. కల్లం అంతా అదిరింది.

మణెమ్మ దళాన్ని దించింది. ఎలా దించాలో ఆవిడకు ఎవరూ నేర్పలేదు. చెప్పులు చేతికొస్తే ఏం చేయాలో ఊళ్లో పసిపిల్లకైనా తెలుసు. పెద్ద రోడ్డు మీద, వంతెన ముందు నుంచి పొలాలదాకా, ఒకదాని వెనక ఒకటి, మడమలు తగిలేటట్టు, లైను పెట్టింది. హవాయిలమీద రాళ్లు కూడా పెట్టింది. పెట్టి చేతులు దులుపుకుని కూర్చుంది.

అరుణ్ కుమార్ గారు పటం మీదకి వంగి ఆ బారును చూశారు. అంత పెద్ద దళం ఒక్క రోడ్డు మీద! ఆయనకు చెమట పట్టింది. కాసేపు చూశారు. దళం కదల్లేదు. మరికాసేపు చూశారు.

"ఎందుకు అడ్వాన్స్ కావట్లేదమ్మా?"

"లైను కదల్లేదు సారూ."

"మీరే కదా కమాండరు? కదిలించండి."

"ముందున్నది కదిలితే గదా ఎనకది కదిలేది. ముందున్నదానికి టోకెన్ రాలా."

ఇందులో ఏదో భయంకరమైన వ్యూహం ఉందని ఆయనకు అనుమానం వచ్చింది. ఫిరంగులన్నీ రోడ్డుకేసి తిప్పమని హుకుం ఇచ్చారు.

ఇక్కడ ఒక చిన్న సవరణ. ఒక్క గుండు కూడా పేలలేదని మొదట్లో అన్నాను. ఏదో ఊరి పరువు కోసం అన్న మాట, పట్టించుకోవద్దు. నిజానికి జాయింట్ డైరెక్టరు గారు ఆ పూట పేల్చినన్ని గుండ్లు చిన్నపాటి రాజ్యాలు పెళ్లిళ్లలో కూడా పేల్చి ఉండవు. పాచిక వేయడం, వేలిముద్ర పెట్టడం, పేల్చడం. పాచిక, ముద్ర, పేలుడు. ఆయన వేలుకి ముద్ర బ్రహ్మాండంగా పడుతోంది, చిన్నప్పటి నుంచి పొలం మొహం చూడని వేలు. ఒక్కో దెబ్బకు రెండేసి చెప్పులు నేలమట్టం. నెత్తురు చిందలేదన్న మాట మాత్రం నిజమే, ఒకాయన చెప్పు మేకు గుచ్చుకుని హేమశ్రీ వేలికి కొద్దిగా అంటింది తప్ప.

గుండు తగిలిన ట్యాంకును పటం మీద నుంచి తీసేయాలి. అది ఆట నియమం. హేమశ్రీ చెయ్యి చాపింది.

"ముట్టుకోమాకమ్మాయ్!" అని కల్లమంతా అరిచింది. లైన్లో ఉన్న చెప్పు తీయడానికి మా ఊళ్లో చెప్పుగలవాడికి తప్ప ఇంకెవరికీ హక్కు లేదు. చెప్పుగలవాడేమో తియ్యడు. తీస్తే స్థానం పోతుంది. "నా చెప్పు చస్తే చచ్చింది, లైన్లోనే ఉంటది," అన్నాడొకడు. శ్రీమన్నారాయణ గారిని అడిగారు. తాను చేసిన చట్టాన్ని తానే కాదనలేక ఆయన కూడా తలూపారు. దాంతో చచ్చిన ట్యాంకులు కూడా లైన్లోనే నిలబడ్డాయి. అరుణ్ కుమార్ గారు చచ్చినవాటినే మళ్లీ మళ్లీ చంపారు. మందుగుండు అడుగంటుతోంది.

అప్పుడు మణెమ్మ ఇమాం సాహెబ్ చెవి దగ్గరికి వంగింది. అసలైన ఆరు ట్యాంకులూ ఆవిడ కొంగులో మూట కట్టి ఉన్నాయి.

"సాయిబూ. ఈ గోడౌన్లో సరుకు ఎన్నడన్నా ముందు తలుపున బయటికి రాగా చూశావా?"

"చూళ్లేదక్కా."

"మరెటు పోద్ది?"

ఇమాం సాహెబ్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎనక."

"ముందేముంటది?"

"లైను."

"మరి ఈ ఆరూ ఎటు పోవాల?"

ఇమాం సాహెబ్ ముఖం లాంతరు వెలిగినట్టు వెలిగింది. పటం మీద రేవుపట్నం వెనక ఉప్పు మడులు ఉన్నాయి, మడుల గట్టున సన్నటి డొంకదారి, దారి చివర రేవులోకి ఒక చిన్న తలుపు. ఆరు ట్యాంకుల్నీ పట్టుకుని ఆయన పొర్లుతూ పాకుతూ పటం చుట్టూ తిరిగి అటు చేరాడు.

మంచి సలహాదారుకు ఇది కనిపించకుండా ఉండదు. శ్రీమన్నారాయణ గారికి కనిపించింది.  అరుణ్ కుమార్ గారు కూడా అనుమానంగా వెనక్కి చూశారు. "సెక్రటరీ గారూ, వెనక తలుపు దగ్గర ఎవరూ లేరు. రెండు ఫిరంగులు అక్కడ పెడదామా?"

కల్లంలో స్పీకర్లు తప్ప ఇంకేవీ మోగడం లేదు. లైను మొత్తం శ్రీమన్నారాయణ గారి నోటికేసి చూస్తోంది. వెనక తలుపు ఉందని ఆయన నోట వినాలని ఊరు చాలా కాలంగా ఎదురుచూస్తోంది.

"వెనక తలుపు ఎక్కడుంది సార్?" అన్నారాయన.

"ఇదుగో. పటంలో కనిపిస్తుంటే."

"గోడౌన్లకి వెనక తలుపులుండవు సార్. ప్లానులో లేదు. ఆడిటుకి కూడా లేదనే రాసిచ్చాం."

"ఇది గోడౌను కాదు కదండీ, పోర్టు."

"ఏదైనా సార్. సరుకు దాచే చోట వెనక తలుపు ఉండదు. లేని తలుపుకి కాపలా పెడితే, ఎందుకు పెట్టారని రేపు ఎవరైనా అడుగుతారు."

అరుణ్ కుమార్ గారు ఆలోచించారు. ఆయనకూ ఒక ఉద్యోగం ఉంది. రికార్డులో లేనిదానికి కాపలా మంజూరు చేసిన అధికారి సంస్థ చరిత్రలోనే లేడు. "సరే," అన్నారు, మిగిలిన రెండు గుండ్లనూ రోడ్డుమీది ఒక టైరు చెప్పుకేసి పేల్చారు.

స్పీకర్ల మోత ఎక్కువైంది. కల్లంలోనే కాదు, గోడౌను వెనక నుంచి కూడా ఇంజన్లు గర్జిస్తున్నట్టు అనిపించింది. ఉప్పు మడుల దగ్గర బోర్లా పడుకున్న ఇమాం సాహెబ్ తల పైకెత్తి మెచ్చుకున్నాడు. "ఏం సౌండక్కా! అచ్చం లోడు మీద ట్రాక్టరు పోయినట్టే ఉంది!"

"నోరు మూసి ట్యాంకులు తోలవయ్యా," అంది మణెమ్మ, ఉంగరపు వేలు తలకు రుద్దుకుంటూ.

ముద్ర పడింది. పాచిక పడింది. ఆరు ట్యాంకులూ లేని తలుపులోంచి లోపలికి పోయాయి. రేవుపట్నం విముక్తమైంది. వేపచెట్టు కింద ముసలివాళ్లు లేచి చప్పట్లు కొట్టారు. ఒకాయన ఓడలకేసి చెయ్యి ఊపాడు.

అరుణ్ కుమార్ గారు ఓటమిని హుందాగా ఒప్పుకున్నారు. ఫ్లెక్సీ కట్టించారు. దానిమీద "ఓర్పే విజయం" అని పెద్ద అక్షరాలు. మణెమ్మకి శాలువా కప్పారు. మొదటి నంబరు వేసిన టోకెన్ చేతిలో పెట్టి ఫొటో తీయించారు. ఫొటోలో మణెమ్మ నవ్వలేదు, టోకెన్ తిప్పి వెనకాల కూడా ఏమైనా రాసి ఉందేమోనని చూసుకుంటోంది. "రైతు సోదరి ఒకరు వ్యూహాత్మక అవగాహన ప్రదర్శించారు" అని ఆయన అక్కడికక్కడే పైకి మెసేజి పెట్టారు. పైనుంచి బొటనవేలు గుర్తు వచ్చింది. ఆ ముద్ర ఒక్కసారికే పడింది.

తరవాత అందరూ చెప్పులు వేసుకున్నారు. వేసుకున్నాక గాని ఎవరికీ తట్టలేదు. గోడౌను గుమ్మం నుంచి రోడ్డుదాకా ఖాళీ మట్టి. లైను లేదు. వారం రోజుల నిరీక్షణ, సీనియారిటీ, రాళ్లతో సహా యుద్ధంలో ఖర్చయిపోయింది. ఎవరు ఎవరి ముందో చెప్పగలిగిన సాక్ష్యం భూమ్మీద లేదు.

"నేను అయిదోవోడిని!"

"నువ్వు అయిదోవోడివైతే నేను పుట్టకముందు నుంచి లైన్లో ఉన్నా!"

తోపులాట మొదలైంది. మణెమ్మ మాత్రం టోకెన్ పైకెత్తి పట్టుకుని నేరుగా గుమ్మం దగ్గరికి నడిచింది. ఆవిడకి లైనుతో పని లేదు. "తాళం తియ్యి సెక్రటరీ. మొదటి నంబరు. రెండు కట్టలు."

శ్రీమన్నారాయణ గారు ఏ తొందరా లేకుండా ముందు తలుపు తాళం తీశారు. లోపల చల్లగా ఉంది. గచ్చు శుభ్రంగా ఊడ్చినట్టుంది. ఒక మూల తూకం కాటా. ఇంకొక మూల పిల్లి.

"కట్టలేయ్యా?"

"స్టాకు నిల్లమ్మా."

"పొద్దున ఉందన్నావు!"

"పొద్దున ఉంది. ఇప్పుడు లేదు. నేను రెండుసార్లూ నిజమే చెప్పా." ఆయన గొంతులో నొచ్చుకున్న ధ్వని ఉంది.

మణెమ్మ అరుణ్ కుమార్ గారి వైపు తిరిగింది. "సారూ. మీ జేబులో ఆర్డరు ఉందన్నారు. ఎవురికి రిలీజ్ చేశారు?"

అరుణ్ కుమార్ గారు జేబు తడుముకున్నారు. ఆర్డరు లేదు. ఆట మొదలవగానే సలహాదారు చేతికి ఇచ్చినట్టు గుర్తొచ్చింది. ఆయన శ్రీమన్నారాయణ గారిని చూశారు, శ్రీమన్నారాయణ గారు పిల్లిని చూశారు. అయితే అరుణ్ కుమార్ గారు శిక్షణ పొందిన అధికారి. క్షణంలో తేరుకున్నారు. ఆయన ముఖం నిజమైన ఆనందంతో వికసించింది.

"చూశావా హేమశ్రీ? యుద్ధంలో సరిగ్గా ఇదే జరుగుతుంది. గెలిచిన సైన్యం లోపలికి వెళ్లేసరికి గోడౌన్లు ఖాళీ. మన పుస్తకంలో చాప్టరే ఉంది కదా. మనం చెప్పకుండానే వీళ్లకి ప్రాక్టికల్‌గా అయిపోయింది!"

హేమశ్రీ ల్యాప్‌టాపు మూసింది. ఆ అమ్మాయి ముఖంలో పొద్దున ఉన్న కళ మళ్లీ కనపడలేదని చూసినవాళ్లు అన్నారు.

కారు పోయింది. అట్టపెట్టె ఎక్కించుకుని లారీ కూడా పోయింది. మణెమ్మ శాలువా తీసి చంకన పెట్టుకుని గోడౌను చుట్టూ తిరిగి వెనక్కి నడిచింది. ఇమాం సాహెబ్ వెంట వెళ్లాడు. ప్లానులో లేని తలుపు బార్లా తెరిచి ఉంది. దాని ముందు ట్రాక్టరు చక్రాల జాడలు, లోడు మీద దిగబడిన లోతు జాడలు, పొలాలకు అడ్డంపడి రోడ్డెక్కి పోయాయి. ఎక్కడో ఒక కట్ట చిరిగినట్టుంది. జాడ వెంట తెల్లటి గుళికలు రాలి ఉన్నాయి.

మణెమ్మ కూర్చుని గుళికలు ఒక్కొక్కటీ మట్టిలోంచి ఏరి కొంగులో వేసుకోసాగింది. ఇమాం సాహెబ్ కాసేపు నిలబడి, తరవాత తనూ కూర్చున్నాడు.

"అక్కా. మనం ఎనకనుంచి పోయి ఆళ్ల పట్నం పట్టుకున్నాం."

"ఊ."

"మనం పట్టుకుంటన్నప్పుడే ఈళ్లు మన ఎనకనుంచి..."

"తెలుస్తందిలే. గ్రీజు చేతుల్తో ఏరమాక, కరిగిపోద్ది."

ఇమాం సాహెబ్ చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "ఇదంతా ఏరితే ఎంత మడికి సరిపోద్దక్కా?"

మణెమ్మ కొంగును అరచేతిలో పెట్టి బరువు చూసింది. "ఒక మూలకి. ఆ మూలన్నా పచ్చగుంటే, మిగతా పైరుకి సిగ్గేసి లేస్తదేమో."

వాళ్లిద్దరూ అలా ఏరుతుండగానే మాచర్ల వైపు నుంచి ఒక లారీ వచ్చింది. నిండా యూరియా. పట్టా కప్పి, తాళ్లు బిగించి, ఒక్క కట్ట తగ్గకుండా వచ్చింది. ముందు తలుపు దగ్గర ఆగింది. డ్రైవరు దిగి, మొదటి టోకెన్ ఎవరిదని అడిగాడు. మణెమ్మకి రెండు కట్టలు దించారు. ఇమాం సాహెబ్‌కి రెండు దించారు. అందరికీ దించారు. ఆ సాయంత్రమే ఆవిడ పొలంలో చల్లింది. వారం తిరిగేసరికి పైరు పచ్చగా తేరుకుని, పిలకలు పిడికిళ్లుగా లేచాయి.

ఇందులో ఒక ముక్క నేను కల్పించానని మర్యాదగా ఒప్పుకుంటున్నాను. జాయింట్ డైరెక్టరు (నిరీక్షణ) అనే ఉద్యోగం ఉందంటే మీరు నమ్మారు. చెప్పుకి సీనియారిటీ ఉందంటే తలూపారు. వేలిముద్ర పడితే గాని ట్యాంకు కదలదంటే, అవును మరి అనుకున్నారు. లారీ వచ్చిందనగానే మాత్రం, వీడు కోతలు కోస్తున్నాడని మీకు అనుమానం వచ్చింది.

మీ అనుమానం నిజమే. లారీ రాలేదు.